బ్యాక్ బర్నర్ మీద పెట్టడమంటే ఏమిటి?

ప్రశ్న: పోటీ పరీక్షల కోసం రోజూ ఆంగ్ల దినపత్రిక చదువుతున్నాను. సాగునీటి పథకాల వార్తల్లో ‘పుట్ ఆన్ ద బ్యాక్ బర్నర్’ అనే మాట కనిపిస్తుంటుంది. దాని అర్థం రద్దు చేశారనా, వాయిదా వేశారనా? మా ప్రాంతానికి నీళ్లు తేవలసిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం విషయంలో ఆ మాట వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: రద్దు కాదు, వాయిదా అన్నా పూర్తిగా సరిపోదు. అమెరికా ఇళ్లలో నాలుగు బర్నర్ల పొయ్యి మామూలు. కలుపుతూ కనిపెట్టుకుని ఉండవలసిన వంట ముందు వరుసలో ఉంటుంది. నిదానంగా ఉడకవలసినదాన్నీ, చల్లారకుండా ఉంటే చాలుననుకున్నదాన్నీ సన్నని సెగ మీద వెనక వరుసకు జరుపుతారు. మన గ్యాస్ పొయ్యి మీద రెండు బర్నర్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ తేడా వెంటనే తట్టదు గాని, దాలిలో పెట్టిన పాలకుండను తలచుకుంటే అర్థమవుతుంది.

కాబట్టి ఒక పనిని వదిలేయకుండా, అంతకంటె తొందరవి ముందుకు వచ్చినందువల్ల ప్రస్తుతానికి పక్కన పెట్టడమే దీని భావం. వాయిదాకు తేదీ ఉండవచ్చు. ఇక్కడ మళ్లీ ఎప్పుడు చేపడతారన్నది చెప్పరు. ‘అటకెక్కించారు’ అని అనువదిస్తే ఆశ వదులుకున్నట్టే అవుతుంది.

ఇక మీ సొరంగం సంగతి. కృష్ణా నీటిని ఎత్తిపోతల అవసరం లేకుండా వాలు మీదే నల్గొండ వైపు తేవడానికి తలపెట్టిన ఈ సొరంగం పొడవు సుమారు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు, తవ్వకం ఆగింది. ప్రమాదం వల్ల ఆగిన పనికి ఈ మాట నప్పదు. అధికారంలో ఉన్నవారు వేరే పథకాన్ని ముందుకు తెచ్చుకుని దీన్ని వెనక్కి జరిపారని చెప్పదలిస్తేనే నప్పుతుంది. అంటే వార్తలో ఈ మాట రాసిన విలేకరి, పని ఆలస్యమైందని చెప్పి ఊరుకోకుండా, ఎవరో కావాలనే దాన్ని వెనక్కి నెట్టారని కూడా అంటున్నారు. చదివేటప్పుడు అది గమనించండి.

వాక్యంలో ‘ఆన్’ రావాలి, ‘ఇన్’ కాదు. ‘వి పుట్ ద హౌస్ రిపెయిర్స్ ఆన్ ద బ్యాక్ బర్నర్ అంటిల్ ద కాటన్ వాజ్ సోల్డ్’ అంటే పత్తి అమ్ముడుపోయేదాకా ఇంటి మరమ్మతులు పక్కన పెట్టామని. ‘టేక్ ఎ బ్యాక్ సీట్’ కూడా దీనికి దగ్గరిదే, కాకపోతే అందులో ఆ పనో మనిషో తామే వెనక్కి తగ్గినట్టు చెబుతారు.

ఇది సంభాషణలకూ పత్రికలకూ తగిన నుడికారం. కలెక్టరేట్‌కు ఇచ్చే అర్జీలో మాత్రం వాడకండి. అక్కడ ‘పెండింగ్’ అంటే అందరికీ తెలుసు.