సాగే తీగ బిగుసుకుపోతే

ప్రశ్న: సిలికాన్ ట్యూబులో గాలియం అనే లోహం నింపి సాగే కరెంటు తీగ చేశాను. వేసవిలో బాగానే ఉంది, డిసెంబరులో బిగుసుకుపోయింది. ఎందుకని? – ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: శుద్ధ గాలియం 29.8 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మీ ఎండల్లో ద్రవం, చలికాలం రాత్రికి ఇనుపపుల్ల! ఇండియం అనే మరో లోహం కలపండి: 15 గ్రాముల గాలియానికి 5 గ్రాములు. గాజు బీకరును 60 డిగ్రీల వేడినీళ్లలో పెట్టి కలియబెడితే మెల్లగా కలిసిపోతుంది. ఇక సుమారు 16 డిగ్రీల దాకా గడ్డకట్టదు. గుంటూరు చలికి అది చాలు.

ట్యూబు ఒక చివర సిరంజితో ఈ మిశ్రమాన్ని నెడుతూ రెండో చివర గాలి లాగండి. బుడగ మిగిలితే సాగదీసినప్పుడు అక్కడే తెగుతుంది. చివర్లకు రాగి తీగే పెట్టండి. అల్యూమినియాన్ని గాలియం పెళుసుబార్చి బిస్కెట్‌లా విరిచేస్తుంది.

1 మి.మీ. లోపలి వ్యాసం, 10 సెం.మీ. పొడవుకు నిరోధం 0.04 ఓమ్ లోపే. మామూలు మల్టీమీటరుకు అందదు. 100 మిల్లీయాంపులు పంపి, చివర్ల మధ్య మిల్లీవోల్టులు కొలవండి; దాన్నిబట్టి నిరోధం తెలుస్తుంది.