ఎంఆర్ఐ చూస్తూ గుండెకు చికిత్స: ఎంపీసీ అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. గుండె లయ తప్పడంతో వాళ్ల తాతయ్యకు అబ్లేషన్ (లయ చెడగొట్టే కండరాన్ని కాల్చే చికిత్స) చేశారు. ఇప్పుడు ఎక్స్‌రే బదులు ఎంఆర్ఐలో చూస్తూ కూడా చేస్తున్నారని చదివి, ఆ రంగంలోకే వెళ్తానంటోంది. ఏ కోర్సులో చేర్చాలి? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ ఒక్క చికిత్స పేరు చూసి కోర్సు ఎంచుకోకండి. అందులో ఇంకా తేలని సమస్యలు ఏమిటో చూస్తే దారి దానంతటదే కనిపిస్తుంది.

ఎక్స్‌రేలో కాథెటర్ (రక్తనాళం గుండా గుండెలోకి పంపే సన్నని గొట్టం) బాగానే కనిపిస్తుంది కానీ గుండె కండరం సరిగా కనిపించదు. పైగా రేడియేషన్, దాన్ని ఆపడానికి డాక్టర్లు గంటల తరబడి మోసే సీసం ఏప్రాన్. ఎంఆర్ఐలో కండరం, దానిమీది మచ్చ, రెండూ కనిపిస్తాయి. మరి అన్నిచోట్లా ఎందుకు వాడట్లేదు? కాథెటర్‌లోని లోహపు తీగ ఎంఆర్ఐ రేడియో తరంగాలకు యాంటెన్నాలా పనిచేసి వేడెక్కుతుంది. అయస్కాంత క్షేత్రంలో ఈసీజీ గీత వంకర్లు పోతుంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే మామూలు యంత్రాన్ని ఆ గదిలోకి తీసుకెళ్లలేం. ఎంఆర్ఐలో వాడే అబ్లేషన్ కాథెటర్‌కు 2020లో యూరప్‌లో అనుమతి వచ్చింది, అదీ ఏట్రియల్ ఫ్లట్టర్ అనే ఒక రకం లయ దోషానికే.

యాంటెన్నాలు, సిగ్నల్ ప్రాసెసింగ్... ఇవన్నీ ఈసీఈ వాళ్ల పాఠాలే కదా! అందుకే నా ఓటు ఈసీఈకి. బీటెక్‌లోనే బయోమెడికల్ కావాలంటే ఐఐటీ హైదరాబాద్, ఉస్మానియా ఉన్నాయి. పీజీలో ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ కలిసి మొదలుపెట్టిన క్లినికల్ ఇంజనీరింగ్ ఎంటెక్ బాగా నప్పుతుంది. దానికి గేట్ రాయాలి.

ఒక చేదు నిజం కూడా చెప్పండి. ముందుగా తీసిన ఎంఆర్ఐలో కనిపించిన మచ్చలను కూడా కాలిస్తే లయ దోషం తిరగబెట్టడం తగ్గుతుందా అని చూసిన డెకాఫ్-2 ట్రయల్‌లో మామూలు పద్ధతికి మించిన లాభం తేలలేదు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. ఈలోగా వేడితో కాకుండా విద్యుత్ పల్స్‌లతో చేసే పల్స్‌డ్ ఫీల్డ్ అనే కొత్త రకం అబ్లేషన్ దూసుకొచ్చింది. ఈసీఈ పునాది ఉంటే గాలి ఎటు మళ్లినా ఇబ్బంది లేదు. గుండెలో విద్యుత్ సంకేతాల పటం గీసే మ్యాపింగ్ యంత్రాలు అమ్మే కంపెనీల్లో, కాథ్ ల్యాబ్‌లో డాక్టరు పక్కనే నిలబడి వాటిని నడిపే ఉద్యోగాలు కూడా ఉంటాయి.

కాథెటర్ తనే పట్టుకుంటానంటే మాత్రం కథ వేరు. బయాలజీ, నీట్, ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కార్డియాలజీ, ఆపైన ఎలక్ట్రోఫిజియాలజీ (గుండె లయ దోషాల వైద్యం) ఫెలోషిప్... ఎంత లేదన్నా పన్నెండేళ్లు. ఆ సంగతి ఈఏపీసెట్ దరఖాస్తుకు ముందే అమ్మాయిని అడిగి తేల్చుకోండి.