ఫిల్టర్ మార్చాక బోటు ఇంజిన్ ఆగిపోతుంటే

డీజిల్ ఫిల్టర్ మార్చాక ఇంజిన్ స్టార్టయి, రెండు నిమిషాల్లో ఆగిపోతోందంటే డీజిల్ లైన్లో గాలి చేరి ఉంటుంది. ఇంజెక్టర్ల (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగాల) జోలికి ఇప్పుడే వెళ్లకండి.

1. ట్యాంకు వాల్వు పూర్తిగా తెరవండి.
2. ఫిల్టర్ పైనున్న బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) లివర్‌ను చేత్తో పదే పదే కొట్టండి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించండి.
3. ఇంజెక్షన్ పంపు (ఇంజెక్టర్లకు డీజిల్ పంపేది) మీది బ్లీడ్ స్క్రూ దగ్గరా అంతే.

చాలామంది చిక్కుకునేది లివర్ దగ్గరే. అది ఒట్టిగా ఊగుతూ డీజిల్ రాకపోతే పంపు పోయిందని టెన్షన్ పడకండి. ఇంజిన్ లోపల ఆ పంపును నడిపే క్యామ్ దాన్ని నొక్కిపట్టి ఉండొచ్చు. క్రాంక్‌ను (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్‌ను) ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి.

అయినా గాలి వస్తుంటే ఫిల్టర్ విప్పి చూడండి. పాత రబ్బరు రింగు గాడిలోనే అతుక్కుపోయి, దానిమీద కొత్తది కూర్చుని ఉండొచ్చు.