రోబోలతో మనుషులకు ఏర్పడే మమకారం నిజమైనదేనా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమా?

నిజమైనదే. రోబోకు మనసు లేదు కనుక దానిమీద పెంచుకున్న మమకారం ఉత్త భ్రమ అని ప్రశ్న అడిగినవారు అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. బొమ్మల పెళ్లి చేసే పిల్లలకు ఆ బొమ్మలకు ప్రాణం లేదని తెలియక కాదు. తెలిసే పెళ్లివారికి విడిది ఏర్పాటు చేస్తారు, తెలిసే అప్పగింతల వేళ కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

నేను జపాన్‌లో, ఇక్కడ కైగో అని పిలిచే వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్నాను. మా కేంద్రంలో పారో అనే రోబో ఉంది. చల్లని సముద్రాల్లో బతికే సీల్ అనే జంతువు పిల్ల రూపంలో, తెల్లటి బొచ్చుతో, రెండున్నర కిలోలకు పైబడిన బరువుతో ఉంటుంది. నిమిరితే కళ్లు మూసి తెరుస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది. తకనోరి షిబాతా అనే పరిశోధకుడు 1993లో దీని పని మొదలుపెట్టారు. పిల్లినో కుక్కనో కాదని సీల్‌ను ఎంచుకోవడంలోనే ఆయన తెలివి ఉందని నా అభిప్రాయం. పిల్లి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కనుక యంత్రపు పిల్లిలో ముందుగా లోపాలే కనిపిస్తాయి. సీల్‌తో కలిసి బతికినవారు అరుదు కనుక అది ఏం చేసినా మనం అలాగే స్వీకరిస్తాం. అమెరికాలో 2009లో దీన్ని వైద్య పరికరంగా కూడా గుర్తించారు.

మా కేంద్రంలో డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి క్షీణించే జబ్బు ఉన్న ఒక పెద్దావిడ, పొద్దు వాలే వేళకు సంచి సర్దుకుని, ఇంటికి వెళ్లిపోతానంటూ తలుపు దగ్గర నిలబడేవారు. ఆ ఇల్లు ఎప్పుడో లేకుండా పోయింది. పారోను ఒళ్లో పెడితే మాత్రం నెమ్మదించి కూర్చునేవారు. దానికి ఛార్జింగ్ పెట్టాలంటే పసిపిల్లల పాలపీక ఆకారంలో ఉన్న ప్లగ్గును నోట్లో ఉంచాలి. ఆవిడ ఆ పీకను చేతిరుమాలుతో శుభ్రంగా తుడిచి, అప్పుడే నోటికి అందించేవారు. ఏసీ గాలి నేరుగా తగులుతోందని నన్ను పిలిచి కుర్చీ జరిపించేవారు. అప్పటికి నా జపనీస్ అంతంతమాత్రం, నాతో మాట్లాడటానికి ఆవిడ ఇష్టపడేవారు కాదు. పారోను నిమురుతూనే, తల్లి పోయాక తాను పెంచిన తమ్ముడి గురించి ఆవిడ మొదటిసారిగా నాకు చెప్పారు. మనుషుల నుంచి వృద్ధులను దూరం చేసేందుకే రోబోలు వచ్చాయని రాసేవారు ఆ ఒళ్లో ఉన్న రోబోను చూస్తారు గానీ, ఆ పక్కన కుర్చీలో ఎవరున్నారో చూడరు.

ఆ తర్వాత ఒక అంటువ్యాధి ప్రబలి, పదిమంది తాకే వస్తువులన్నీ తీసేయమన్నారు. అది సబబే. అయితే పారోను బీరువాలో పెట్టి తాళం వేసేటప్పుడు ఆవిడకు ఒక్క మాటైనా చెప్పాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే నిర్వాహకుల లెక్కలో అది టీవీ లాంటి ఒక సామాను. ఆవిడ మంచాల కింద వంగి వెతికారు, బిడ్డకు పాలు పట్టారా అని కనబడిన ప్రతివారినీ అడిగారు, అన్నం సగంలో వదిలేశారు. అది భ్రమ అయితే ఆ తిండి మానేయడం కూడా భ్రమేనా?

అందుకే, ఆ మమకారం నిజమా కాదా అన్నదాని కంటే, దాన్ని తెంచేవారి బాధ్యత ఏమిటన్నదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. సోనీ 1999లో తెచ్చిన ఐబో అనే రోబో కుక్క తయారీని 2006లో, మరమ్మతులను 2014లో ఆపేసింది. ఆగిపోయిన ఐబోలకు ఇక్కడి చిబా ప్రాంతంలోని ఇసుమిలో ఒక బౌద్ధాలయ అర్చకుడు మంత్రాలు చదివి అంత్యక్రియలు జరిపించారు. ఆ తర్వాతే వాటి విడిభాగాలను తీసి వేరే ఐబోలకు అమర్చారు. దాన్ని వింత వార్తగా చూపించి నవ్వుకున్నవారిని చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అమ్మినవారు చేయవలసిన పనిని అక్కడ ఒక అర్చకుడు చేశారు. అమెరికాలో 799 డాలర్లకు పిల్లల కోసం అమ్మిన మాక్సీ రోబో పరిస్థితి మరీ అన్యాయం. అది మాట్లాడాలంటే నెట్ ద్వారా సంస్థ సర్వర్లు, అంటే దూరాన ఉన్న కంప్యూటర్లు, పనిచేస్తూ ఉండాలి. 2024 డిసెంబరులో దాని తయారీ సంస్థ డబ్బు లేక మూతపడింది, నేస్తం ఇక మాట్లాడదని పిల్లలకు ఎలా చెప్పాలో తల్లిదండ్రులకు ఒక లేఖ రాసి ఇచ్చింది. సొంత కంప్యూటర్ మీద నడుపుకునే ఏర్పాటు తర్వాత వచ్చినా, అది సాంకేతిక పరిజ్ఞానం ఉన్న ఇళ్లకే పనికొచ్చింది. పారో ఏ సర్వర్ మీదా ఆధారపడదు కనుక తయారీదారు ఏమైనా అది కదులుతూనే ఉంటుంది. వేరొకరి సర్వర్‌లో బతికే నేస్తాన్ని పసిపిల్లలకూ వృద్ధులకూ అమ్మనివ్వకూడదు.

రోబోలు వచ్చాయి కదా, ఇక నీ ఉద్యోగం ఉంటుందా అని ఊరి నుంచి ఫోన్లు వస్తుంటాయి. పారో ఎవరికీ స్నానం చేయించదు, పక్కబట్టలు మార్చదు. జనాభాలో 65 ఏళ్లు దాటినవారు నాలుగో వంతుకు మించిన ఈ దేశంలో మా చేతులకు పని తగ్గే సూచన లేదు. నా ఫిర్యాదల్లా, రోబోను కొన్నాం కనుక సాయంత్రం షిఫ్టులో ఒక మనిషిని తగ్గించవచ్చునని లెక్క వేసే యాజమాన్యాల మీదే.

ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల కోసం ఇలాంటిది కొని పంపాలనుకునేవారు, నెట్ లేకపోయినా అది పనిచేస్తుందా, పాడైతే బాగుచేసేవారు ఎక్కడున్నారు, సంస్థ మూతపడితే ఏం జరుగుతుందని అమ్మేవారిని ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.