ఇంటి పంట, ఇంటి వంట: మీరడిగారు, మేం చెప్పాం

ఇంట్లోనే నాలుగు మొక్కలు పెంచుకుని, వండుకునేది మొదట్నుంచీ ఇంట్లోనే చేసుకుందాం అనుకున్నవాళ్ల నుంచి ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. అన్నిటికీ జవాబు చెప్పే చోటు లేదు, ఎక్కువమందికి పనికొస్తాయనిపించినవి తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. వీడియోలు చూసి చూసి బ్రెడ్డు, పెరుగు, జామ్, పొడులు, కూరగాయలు అన్నీ ఇంట్లోనే అని మొదలుపెట్టాం. ఇప్పుడు ఆదివారం వస్తోందంటేనే నాకు టెన్షన్. మా ఆయనకి ఇంటి తిండి చాలా ఇష్టం, మానేద్దాం అంటే ఒప్పుకోడు. చెయ్యి మాత్రం వెయ్యడు. ఏం చేయమంటారు?

వీటిలో మీకు చేస్తుంటే సరదాగా అనిపించేది ఏదో అది ఉంచుకోండి. తింటే బయటి దానికీ ఇంటి దానికీ తేడా గట్టిగా తెలిసేది ఉంటే అదీ ఉంచుకోండి. ఈ రెండిట్లోకీ రానిది మొహమాటం లేకుండా కొనేయండి. వీడియోల్లో పిండి కలిపే చేతులు కనిపిస్తాయి గానీ, ఆ తర్వాత సింకు నిండా పడ్డ గిన్నెలు ఎవరు తోమారో ఎవరూ చూపించరు.

నన్నడిగితే పెరుగు మాత్రం వదలొద్దు, ఎందుకంటే అందులో మీ పని చాలా తక్కువ. పాలు 85 డిగ్రీల దాకా, అంటే పొంగు రాబోతుందనేంత వరకు కాచి, 43 నుంచి 45 డిగ్రీలకి, వేలు పెడితే వెచ్చగా తగిలినా కాలనంతగా చల్లారాక తోడు వేస్తే చాలు, మిగతా ఆరేడు గంటలూ బాక్టీరియా చూసుకుంటాయి. అంతగా కాచడం ఎందుకంటే ఆ వేడికి పాలలోని ప్రొటీన్లు కొన్ని విచ్చుకుని పెరుగు గట్టిగా తోడుకుంటుంది. మరీ వేడిగా ఉండగా తోడు వేస్తే ఆ బాక్టీరియానే చచ్చిపోతాయి, పొద్దున్నకి పాలు పాలలాగే ఉంటాయి.

ఎండు గింజలు కూడా అంతే, ఒకసారి ఎక్కువగా ఉడికించి డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెట్టుకుంటే హడావుడి రోజుల్లో సగం వంట అయిపోయినట్టే. రాజ్మాతో మాత్రం జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు, వీలైతే 30 నిమిషాలు తెర్లుతూ మరిగించి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సరిగ్గా ఉడకని రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపు ప్రొటీన్ వల్ల వాంతులు పట్టుకుంటాయి. స్లో కుక్కర్‌లో చాలాసార్లు అంత వేడి రాదు, కాబట్టి పచ్చి గింజలు నేరుగా అందులో వేయకండి.

ఇక మీ ఆయన సంగతి. ఆయనకి చిన్న చిన్న పనులు పురమాయించకండి, అలా చేస్తే పని ఆయనదీ, గుర్తుపెట్టుకునే బాధ్యత మీదీ అవుతుంది. ఏదో ఒకటి మొత్తంగా ఇచ్చేయండి. పెరుగు ఆయనదైతే, ఇంట్లో పాలున్నాయో లేదో చూసుకోవడం దగ్గర్నుంచి గిన్నె కడగడం దాకా ఆయనదే. ఒకరోజు మర్చిపోతే ఆ రోజు ఇంట్లో పెరుగుండదు, అంతే, మీరు లేచి వెళ్లి తోడు వేయకండి. అప్పటికీ చెయ్యనంటే, ఇష్టంగా తినడానికి ఒకరూ చాకిరీకి ఒకరూ అన్న ఏర్పాటు మీకు కుదరదని నేరుగా చెప్పండి. నేనైతే దీన్ని సాధారణ జీవితం అనను, రెండో ఉద్యోగం అంటాను.

ప్రశ్న: మా బాల్కనీలో ఎండ మూడు గంటలకి మించి రాదు. టమాటా మొక్కలు ఏపుగా పెరిగాయి గానీ కాయల్లేవు. వచ్చిన ఒకటీ అరా కూడా అడుగున నల్లగా అవుతున్నాయి. ఎరువు ఇంకా వేయమంటారా?

వద్దు, అసలు సమస్య ఎండ. టమాటాకి రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా ఎండ తగలాలి. నత్రజని ఎక్కువున్న ఎరువు ఇంకా పోస్తే ఆకులే పెరుగుతాయి. అడుగున నలుపు తెగులు కాదు, కాయకి కాల్షియం సరిగ్గా అందకపోవడం. అలాగని మట్టిలో కాల్షియం లేదని కాదు, ఒకరోజు కుండీ ఎండిపోయి మర్నాడు చెరువైపోతుంటే మొక్క దాన్ని పైకి తీసుకెళ్లలేదు. చాలామంది గుడ్డు పెంకులు పొడి చేసి వేస్తారు. అవి కరగడానికి చాలా నెలలు పడుతుంది, ఈ కాయలకి అందవు. నీళ్లు సమంగా పోయండి, మట్టి మీద ఎండుటాకులు పరవండి.

మీకున్న ఎండకి ఆకుకూరలు, పుదీనా, కొత్తిమీర, ఉల్లికాడలు హాయిగా వస్తాయి. విత్తనాలన్నీ ఒకేసారి చల్లకుండా రెండు వారాలకోసారి కొంచెం కొంచెం చల్లితే, ఒకసారి మోపులు మోపులుగా వచ్చి ఆ తర్వాత నెలంతా ఏమీ లేకపోవడం ఉండదు. డబ్బు లెక్క చూసుకున్నా ఇవే లాభం, కొద్ది కొద్దిగా కావలసినవీ, కొన్న రెండు రోజులకే వాడిపోయేవీ ఇవే కదా. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కొనుక్కోండి, నాలుగు కుండీల చోటు వాటికి ఇవ్వడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ప్రశ్న: పోయినసారి కాసిన సొరకాయ విత్తనాలు దాచి వేశాను. కాయ బాగుంది గానీ కోసి రుచి చూస్తే చేదు. ఉప్పులో నానబెట్టి వండితే పోతుందంటారు మా అత్తగారు. ఇంట్లో పండింది పారేయడానికి మనసు రావట్లేదు.

పారేయండమ్మా. మీ అత్తగారు వృథా కాకూడదని అన్నారు, ఆ మాట నిజమే, కానీ దీనికి వర్తించదు. సొర, దోస, గుమ్మడి జాతి కాయలు చేదెక్కితే అందులో కుకుర్బిటాసిన్‌లు అనే విషపదార్థాలు ఎక్కువున్నట్టు. అవి ఉడికిస్తే పోవు. తక్కువ మోతాదులోనే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తం పడటం దాకా వెళ్తుంది. రసం తీసి తాగడం మరీ ప్రమాదం. ఎవరైనా ఇప్పటికే తిని ఒంట్లో బాలేకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కాకర సంగతి వేరు, దానికి చేదే సహజం.

ఎందుకిలా అంటే, ఈ జాతి పూలకి తేనెటీగలే పుప్పొడి మోస్తాయి. దగ్గర్లో అదే జాతి చేదు మొక్క ఉంటే ఈ ఏడాది కాయ బాగానే ఉంటుంది, దాని విత్తనం నుంచి వచ్చే మొక్కలో తేడా బయటపడుతుంది. నీళ్లు చాలక, ఎండ ఎక్కువై చేదెక్కడమూ ఉంది. ఇకనుంచి వండేముందు ప్రతి కాయా కొస కొంచెం నాలిక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. విత్తనాలు దాచాలని సరదా ఉంటే చిక్కుళ్లు, టమాటాలతో మొదలుపెట్టండి. అవి ఎక్కువగా వాటంతట అవే పరాగసంపర్కం చేసుకుంటాయి. హైబ్రిడ్ రకాలు కాకుండా చూసుకోండి, వాటి విత్తనాలకి మళ్లీ అదే రకం కాయ రాదు.

ప్రశ్న: అక్కా, వెల్లుల్లి నూనెలో వేసి చిన్న సీసాల్లో పోసి స్నేహితులకి ఇద్దామనుకుంటున్నా. బయట ఎన్నాళ్లు నిలవుంటుంది?

బయట అసలు పెట్టొద్దు, బహుమతిగా ఇవ్వనే ఇవ్వొద్దు. వెల్లుల్లి మట్టిలో పెరిగేది, దాని మీద బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. నూనెలో మునిగితే వాటికి గాలి తగలదు, పులుపూ లేదు, అవి పెరగడానికి సరిగ్గా అలాంటి చోటే కావాలి. విషం తయారైనా వాసన, రంగు మారకపోవచ్చు, కాబట్టి చూసి తెలుసుకుందాం అనుకోవద్దు. చేసుకోవాలనుంటే కొంచెమే చేసి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. స్నేహితులకి ఎండబెట్టిన పుదీనా పొడి ఇవ్వండి.

ప్రశ్న: కంపోస్ట్ డబ్బా కుళ్లు వాసన కొడుతోంది. పక్కింటివాళ్లు గొడవ.

తడి ఎక్కువై గాలి ఆడట్లేదు. వంటింటి చెత్త ఒక పాలు వేస్తే ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు రెండు మూడు పాళ్లు వేసి బాగా కలపండి, డబ్బాకి చిల్లులున్నాయో లేదో చూడండి. మాంసం, పాల పదార్థాలు, నూనె మిగుళ్లు వేయకండి. కొద్ది రోజుల్లో వాసన తగ్గుతుంది. ఈలోపు పక్కింటివాళ్లకి ఒక ఆకుకూర కట్ట ఇచ్చి చూడండి.

ప్రశ్న: క్యాబేజీ ఉప్పులో పులియబెట్టాలంటే కిలోకి ఉప్పు ఎంత?

20 నుంచి 25 గ్రాములు. చెంచా లెక్క వద్దు, రాళ్లుప్పుకీ మెత్తటి ఉప్పుకీ చెంచాలో బరువు మారిపోతుంది, తూకం వేసుకోండి. సన్నగా తరిగి, ఉప్పు వేసి నీరు ఊరేదాకా గట్టిగా పిసికి, ముక్కలన్నీ ఆ నీటి కింద మునిగి ఉండేలా పైన బరువు పెట్టండి. పైన పల్చటి తెల్లటి పొర వస్తే తీసేయొచ్చు. బూజు నూగుగా, ఆకుపచ్చగానో నల్లగానో వస్తే సీసా మొత్తం పారబోయండి.