కాప్చర్ కార్డు కొన్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు, మావయ్య ఆశీస్సులు.

పెళ్లి లైవ్ ఇవ్వడానికి, కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే కాప్చర్ కార్డు కొన్నావనీ, దానితో కెమెరాను తగిలిస్తే బొమ్మ ఆగి ఆగి వస్తోందనీ, కార్డు పాడైందేమో షాపులో తిరిగిచ్చేస్తాననీ రాశావు. తొందరపడకు. నువ్వు చెప్పినదాన్ని బట్టి కార్డు బాగానే ఉన్నట్టుంది. ఫార్మాట్ దగ్గరే తేడా పడి ఉంటుంది.

లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో వీడియో కాప్చర్ డివైస్ ప్రాపర్టీస్ తెరువు. రిజల్యూషన్‌ను కస్టమ్‌లో పెట్టి 1920×1080 (ఫుల్ హెచ్‌డీ), సెకనుకు 30 ఫ్రేములు ఎంచుకో. వీడియో ఫార్మాట్ దగ్గర వైయూవై2 (బొమ్మను కుదించకుండా పంపేది) ఉంటే ఎంజేపెగ్‌కు మార్చు. ఎందుకో కూడా తెలుసుకో, రేపు ఇంకో కార్డు కొన్నా పనికొస్తుంది. నీది యూఎస్‌బీ 2.0 కార్డు. అందులో సెకనుకు 480 మెగాబిట్లకు మించి పోవు. వైయూవై2లో ఫుల్ హెచ్‌డీ బొమ్మను సెకనుకు 30 ఫ్రేముల చొప్పున పంపాలంటే దాదాపు 1000 మెగాబిట్లు కావాలి. ఇరుకు సందులోకి లారీ తోలినట్టే. అందుకే సెకనుకు ఐదారు ఫ్రేములు మాత్రం వస్తాయి. ఎంజేపెగ్‌లో కార్డే ప్రతి ఫ్రేమునూ కుదించి పంపుతుంది కాబట్టి సాఫీగా నడుస్తుంది. పెట్టె మీద 4కె అని రాసి ఉందని మురిసిపోకు, అంత సిగ్నల్ లోపలికి తీసుకుంటుందని దాని అర్థం, అంతే బయటికి ఇస్తుందని కాదు. ప్లగ్‌లో నీలం ప్లాస్టిక్ ఉన్నంత మాత్రాన 3.0 కూడా అయిపోదు. హబ్ వద్దు, కార్డును నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టు.

బొమ్మ అసలు రాకుండా నల్లగా ఉంటే, ముందు జూమ్, బ్రౌజర్ లాంటివి మూసెయ్. ఒకటి పట్టుకుని కూర్చుంటే రెండోదానికి బొమ్మ దొరక్కపోవచ్చు. తర్వాత విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్‌లకు కెమెరా అనుమతి ఉందో లేదో చూడు.

కెమెరాలో హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే ఆఫ్ చెయ్, లేకపోతే బ్యాటరీ గుర్తు, ఫోకస్ గడి పెళ్లికూతురి ముఖం మీద కనిపిస్తాయి. ఆటో పవర్ ఆఫ్ కూడా తీసెయ్. మైక్రో హెచ్‌డీఎంఐ సాకెట్ చాలా సున్నితం, వైరు బరువంతా దాని మీద వేలాడనివ్వకు. ట్రైపాడ్ కాలికి ఒక చుట్టు తిప్పి టేపు వెయ్యి.

ఇక సౌండ్. చాలామంది కుర్రాళ్లు బొమ్మ మీద పెట్టే శ్రద్ధ దీని మీద పెట్టరు, నాకు అదే బాధ. విదేశాల్లో కూర్చుని చూసే పెద్దవాళ్లకు బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు, మంత్రం వినపడాలి. సౌండ్ ఆపరేటర్‌ను అడిగి మిక్సర్ నుంచి ఒక లైను తీసుకో. లెవెల్ మాత్రం పంతులుగారి గొంతును బట్టి పెట్టకు. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగితే మీటరు ఒక్కసారిగా ఎర్ర గీతలోకి పోయి, వినేవాళ్లకు బరబర తప్ప ఏమీ మిగలదు. ముందే సన్నాయి వాళ్ల దగ్గరికెళ్లి, ఒక్క నిమిషం గట్టిగా వాయించమని మర్యాదగా అడుగు. వాళ్లు కాదనరు. దానికి తగ్గట్టు గెయిన్ తగ్గించి, ఓబీఎస్‌లో శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్ ఫిల్టర్ పెట్టు. తర్వాత కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టి రికార్డు చేసి చూడు. చప్పుడు ముందొస్తే అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో శబ్దాన్ని ఆలస్యం చేసే సింక్ ఆఫ్‌సెట్ పెంచు.

హాల్లో నెట్ చూసేటప్పుడు అప్‌లోడ్ వేగమే చూడు, డౌన్‌లోడ్‌తో మనకు పనిలేదు. ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా ఉన్న ఫోన్ డేటా, జనం నిండాక ముహూర్తం వేళకు నీరసించిపోతుంది. హాలు బ్రాడ్‌బ్యాండ్ నుంచి వైరు లాక్కోవడమే మేలు. 720పీ, 2500 నుంచి 3000 కేబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) చాలు, కీఫ్రేమ్ (పూర్తి బొమ్మను పంపే వ్యవధి) 2 సెకన్లు. యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ తెరవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి ఈరోజే అడిగి పెట్టు. డీజే సినిమా పాటలు వేస్తే కాపీరైట్ పేరుతో లైవ్ ఆగిపోయే ప్రమాదం ఉంది, పెళ్లివారికి ముందే చెప్పు.

లైవ్‌తో పాటు ఎంకేవీ అనే ఫైల్ రకంలో రికార్డింగ్ కూడా నడపాలి. ల్యాప్‌టాప్ మధ్యలో ఆగినా అప్పటిదాకా తీసింది మిగులుతుంది. జీలకర్రబెల్లం మళ్లీ పెట్టించలేం కదా. లింకు పంపేటప్పుడు అమెరికా సమయం కూడా రాయి. మనకు తెల్లవారుజామున 4 గంటల ముహూర్తం వాళ్లకు ముందురోజు అవుతుంది, తేదీ పొరపడి చూడలేకపోయినవాళ్లు ఎంత బాధపడతారో నేను చూశాను.

పెళ్లికి ముందురోజు ఇంట్లో అన్నీ తగిలించి, ప్రైవేట్ లైవ్ పెట్టి రెండు గంటలు వదిలెయ్. ఓబీఎస్‌లో పనితీరు అంకెలు చూపే స్టాట్స్ డాక్ తెరిచి ఉంచు. నెట్‌వర్క్ డ్రాప్స్ పెరిగితే నెట్ బాగాలేదని, ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరిగితే ల్యాప్‌టాప్ మోయలేకపోతోందని. ఆ స్టాట్స్ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్, రాత్రి ఎంత ఆలస్యమైనా చూస్తాను.

మీ మావయ్య