‘టెల్ మీ’ ఒప్పయితే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు తప్పు?

గుణుపూర్ నుంచి అడిగారు మీరు. చెల్లి మెట్రిక్ రాయబోతోంది, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ‘టెల్ మీ ద ఆన్సర్’ సరైనదైతే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ద ఆన్సర్’ ఎందుకు కొట్టేస్తున్నారు, ‘ఆల్వేస్’, ‘వెల్’, ‘యెస్టర్‌డే’ వాక్యంలో ఎక్కడ పెట్టాలి అన్నవి మీ రెండు సందేహాలు.

పర్లాకిమిడిలో ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తుంటాను. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది మీ చెల్లి లాంటివాళ్లే. నన్నడిగితే ఇవి రెండు సందేహాలు కావు, రెండింటికీ మూలం ఒక్కటే.

‘రాముడికి పుస్తకం ఇచ్చాను’ అన్నా, ‘పుస్తకం రాముడికి ఇచ్చాను’ అన్నా మనకు తేడా రాదు. ఎవరికి ఇచ్చామో ఆ ‘కి’ చెప్పేస్తుంది. ఒడియాలోనూ అంతే, ‘ముఁ రామకు బహి దేలి’ అంటారు. అక్కడా ‘కు’యే, పని అదే. అంటే మీ చెల్లికి వచ్చిన రెండు భాషలూ ఈ విషయంలో ఒకే దారిలో నడుస్తాయి, ఇంగ్లీషు ఒక్కటే వేరే దారి. పాత ఇంగ్లీషులోనూ పేర్ల చివర ఇలాంటి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి రాలిపోయాయి. ఆ పని ఇప్పుడు మాటల వరుస చేస్తోంది. ‘ఐ గేవ్ రామ్ ఎ బుక్’ అన్నప్పుడు రామ్ పుచ్చుకున్నవాడని తెలిసేది, క్రియ తర్వాత వెంటనే, వస్తువు కన్నా ముందు నిలబడ్డాడు కాబట్టే. ‘ఐ గేవ్ ఎ బుక్ రామ్’ అనకూడదు. వస్తువు ముందుకు రావాలంటే మధ్యలో ‘టు’ వేసి తీరాలి. వస్తువు ‘ఇట్’ అయితే ఈ రెండో పద్ధతే మంచిది: ‘గివ్ ఇట్ టు మీ’.

అయితే ‘టు’ లేని వరుసను అన్ని క్రియలూ ఒప్పుకోవు. అసలు చిక్కు ఇక్కడే. గివ్, సెండ్, టెల్, షో, టీచ్, లెండ్ ఒప్పుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, ఇంట్రడ్యూస్ ఒప్పుకోవు. పలికి చూడండి. మొదటి జట్టువి చిన్న మాటలు, ఇంగ్లీషు సొంత సొత్తు. రెండో జట్టువి పొడుగు మాటలు, లాటిన్ నుంచో ఫ్రెంచి నుంచో వచ్చినవి. వాటికి మనిషి ముందు ‘టు’ కావాల్సిందే: ‘ఎక్స్‌ప్లెయిన్ ద ఆన్సర్ టు మీ’. ఇది ధోరణే గానీ గట్టి రూలు కాదు. ‘సే’ చిన్న మాటే, అయినా ‘సెడ్ మీ’ అనరు. ‘ప్రామిస్’ లాటిన్ మాటే, అయినా ‘ప్రామిస్డ్ మీ ఎ సైకిల్’ అంటారు. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ అభిమానంతో అంటున్నానేమో గానీ, జాబితాలు బట్టీ పట్టించడం దండగ. ‘ఎక్స్‌ప్లెయిన్’ అనే మాటను ఒంటరిగా కాకుండా ‘ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌వన్’ అని మొత్తంగా నోటికి ఎక్కించమనండి. ‘ఆస్క్’ని ‘ఆస్క్ సమ్‌వన్ ఎ క్వశ్చన్’ అని. మా దగ్గర ‘ఆస్క్డ్ టు హిమ్’ అని రాయని పిల్లలు అరుదు.

ఇంకో గోతి ఉంది. తెలుగులో ‘అమ్మకి చీర కొన్నాను’ అంటాం, ‘అమ్మకి చీర ఇచ్చాను’ అంటాం, రెండుచోట్లా ‘కి’యే. ఇంగ్లీషులో ఇస్తే ‘టు’, కొంటే ‘ఫర్’. చేతికి అందించే పనులకు (గివ్, సెండ్, షో, హ్యాండ్) ‘టు’. ఎవరి కోసమో ముందు మనం ఏదో చేసి పెట్టే పనులకు (బై, మేక్, కుక్, ఫైండ్) ‘ఫర్’. ‘ఐ బాట్ ఎ సారీ టు మై మదర్’ అనే వాక్యం కింద నా ఎర్ర గీత పడని వారం లేదు. ఊరి పేర్లతోనూ జాగ్రత్త. ‘బరంపురానికి పార్సిల్ పంపాను’ అన్న వాక్యాన్ని ‘ఐ సెంట్ బెర్హంపూర్ ఎ పార్సిల్’ చేయకూడదు. ఊరు గమ్యమే గానీ, పార్సిల్ పుచ్చుకునే మనిషి కాదు కదా.

ఇక క్రియా విశేషణాలు. ‘ఆమె ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది’లో ‘బాగా’ క్రియను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే పిల్లలు ‘షి స్పీక్స్ వెల్ ఇంగ్లీష్’ అని రాసేస్తారు. ఇంగ్లీషులో వరుసే అర్థం మోస్తోందని పైన అన్నాను కదా, కాబట్టి క్రియకూ కర్మకూ మధ్య ఎవర్నీ దూరనివ్వరు. ‘షి స్పీక్స్ ఇంగ్లీష్ వెల్’. రెండు కర్మలున్నా ఇంతే: ‘ఐ గేవ్ హిమ్ యెస్టర్‌డే ఎ బుక్’ కుదరదు, ‘యెస్టర్‌డే’ వాక్యం చివరికి గానీ మొదటికి గానీ పోవాలి. కర్మ మరీ పొడుగైతే మాత్రం కాస్త సడలిస్తారు. ‘షి ఎక్స్‌ప్లెయిన్డ్ కేర్‌ఫుల్లీ టు ద చిల్డ్రన్ ద రూల్స్ ఆఫ్ ద న్యూ గేమ్’ లాంటివి పుస్తకాల్లో కనిపిస్తాయి. పదో తరగతికి ఆ గొడవ వద్దు.

ఎంత తరచుగా అని చెప్పే ‘ఆల్వేస్’, ‘ఆఫెన్’, ‘నెవర్’ ముఖ్య క్రియకు ముందు కూర్చుంటాయి. ‘ఈజ్’, ‘ఆర్’, ‘హ్యాజ్’, ‘కెన్’ లాంటివి ఉంటే వాటి తర్వాత: ‘ద గుణుపూర్ ట్రెయిన్ ఈజ్ ఆఫెన్ లేట్’. (ఇది ఉదాహరణే, రైల్వేవాళ్లు ఏమీ అనుకోకూడదు.)

మా దగ్గర ఓ అమ్మాయి నోట్సులో ఇలా రాసింది: ‘మై ఫాదర్ టీచెస్ ఆల్వేస్ టు మీ పేషెంట్లీ మ్యాథ్స్’. ‘మా నాన్న ఎప్పుడూ నాకు ఓపిగ్గా లెక్కలు చెప్తారు’ అన్నదాన్ని, క్రియ ఒక్కటి ముందుకు జరిపి, మాటకు మాట దింపేసింది. ‘ఆల్వేస్’ని క్రియ ముందుకు జరపమన్నాను. ‘టీచ్’ మొదటి జట్టుది కాబట్టి ‘టు’ కొట్టేయమన్నాను. ‘పేషెంట్లీ’ని చివరికి తోసింది. ‘మై ఫాదర్ ఆల్వేస్ టీచెస్ మీ మ్యాథ్స్ పేషెంట్లీ’ అయింది. మీ చెల్లితో కూడా ఇలాగే, తన వాక్యాలే తనతో దిద్దించండి. గైడు పుస్తకంలో ఖాళీలు పూరించడం కన్నా ఇది పదింతలు నయం.

‘హార్డ్’, ‘హార్డ్లీ’ కూడా ఓసారి చూపించండి. ‘హి వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడతాడని, ‘హి హార్డ్లీ వర్క్స్’ అంటే దాదాపు పనే చేయడని. వ్యాసంలో నాన్నగారి గురించి రాసేటప్పుడు ఇది తారుమారైతే బాగోదు.

పరీక్షలో ప్యాసివ్ వాయిస్ ఎలాగూ వస్తుంది. ‘గివ్’ జట్టుకు రెండు రకాలుగా రాయొచ్చు: ‘ఐ వాజ్ గివెన్ ఎ బుక్’, ‘ఎ బుక్ వాజ్ గివెన్ టు మీ’. ‘ఎక్స్‌ప్లెయిన్’ జట్టుకు రెండోదే: ‘ద లెసన్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ’. ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద లెసన్’ అని రాస్తే మార్కు పోయినట్టే.